సరుకు ఆపేస్తే నన్ను చట్టం కాపాడుతుందా?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు హైదరాబాద్ నుంచి చాలా వివరంగా ఉత్తరం పంపారు. కొంచెం కుదించి ఇక్కడ పెడుతున్నాను.

వాళ్లది రాణీగంజ్‌లో మామగారి కాలం నుంచి నడుస్తున్న బేరింగుల వ్యాపారం. ఆమె, భర్త, భర్త అన్నగారు ముగ్గురూ భాగస్వాములు. అమ్మకాలు బావగారివి, గోడౌను భర్తది, బ్యాంకు పనీ ఎగుమతి కాగితాలూ ఈమెవి. జర్మనీ కంపెనీ ఒకదాని నుంచి నేరుగా దిగుమతి చేసుకుంటారు. 2024లో ఆ కంపెనీ ఒప్పందం మార్చి, రష్యాకి తిరిగి ఎగుమతి చేయకూడదన్న షరతు పెట్టింది. అందరితో పాటు వీళ్లూ సంతకం పెట్టేశారు. తర్వాత దుబాయ్ నుంచి ఒక కొత్త కొనుగోలుదారు వచ్చాడు. ఆర్డరు 1,80,000 డాలర్లు, సీఐఎఫ్ (ధర, బీమా, రవాణా కలిపి) దుబాయ్ జెబెల్ అలీ రేవుకి, 30 శాతం అడ్వాన్సు అంటే 54,000 డాలర్లు బ్యాంకులో పడ్డాయి కూడా. సరుకు సనత్‌నగర్ ఐసీడీకి (కంటైనర్ డిపోకి) వెళ్లే ముందు పెట్టెల మీద అతికించమని ఆ కొనుగోలుదారు లేబుళ్లు పంపాడు. రష్యన్ అక్షరాలు, కింద సెయింట్ పీటర్స్‌బర్గ్ అడ్రసు. ఈమె అడిగితే, "పొరపాటున వచ్చాయి, లేబుళ్లు వదిలేయండి, మామూలుగా జెబెల్ అలీకి పంపండి, డాలర్లు కష్టమైతే మిగతాది దిర్హాముల్లో ఇస్తాం" అన్నాడు. ఈమె సరుకు ఆపేశారు. ఇప్పుడు అడ్వాన్సు వెనక్కి, దాని మీద 40,000 డాలర్ల నష్టపరిహారం అంటూ లాయరు నోటీసు వచ్చింది. "ఆంక్షలు వాళ్లవి, మనవి కావు, మన దేశం ఒప్పుకోలేదు కదా, మెషీన్ స్పేర్స్ అని రాసి పంపేయమ్మా" అని బావగారు. భర్త ఏమీ మాట్లాడడం లేదు. ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, డిక్లరేషన్ల మీద సంతకం మాత్రం ఈమెది. "నిద్ర పట్టడం లేదు. అంతర్జాతీయ ఆంక్షలు పాటించి సరుకు ఆపిన వ్యాపారికి చట్టం రక్షణ ఇస్తుందని ఎక్కడో చదివాను. అది నాకు వర్తిస్తుందా?" అన్నది ప్రశ్న.

అమ్మా, సూటిగా చెప్తాను. మీరు చదివింది నిజమే, కానీ అది మీకు వర్తించదు. అలాగని మీకు రక్షణే లేదని కంగారు పడకండి. ఉంది, కాకపోతే అది మీ బీరువాలో ఉన్న కాగితాల్లో ఉంది. దాని గురించి కాసేపట్లో.

మీరు చదివిన చట్టాలు బహుశా ఇవి. బ్రిటన్‌లో 2018 నాటి ఆంక్షల చట్టం సెక్షన్ 44 ఉంది. ఆంక్షల నిబంధనలు పాటిస్తున్నానన్న సహేతుకమైన నమ్మకంతో ఏదైనా చేసినా, చేయకుండా ఆగినా, ఆ మనిషి మీద సివిల్ బాధ్యత ఉండదంటుంది. అమెరికాలో 1977 నాటి ఐఈఈపీఏ అనే ఆర్థిక ఆంక్షల చట్టంలోనూ ఇలాంటి మాటే ఉంది, చిత్తశుద్ధితో ఆదేశాలు పాటించినవాణ్ణి ఏ కోర్టూ బాధ్యుణ్ణి చేయకూడదని. యూరోపియన్ యూనియన్ అయితే రష్యా మీద 2014లో తెచ్చిన 833 నంబరు రెగ్యులేషన్, ఆర్టికల్ 11లో ఇంకో అడుగు వేసి, ఆంక్షల వల్ల ఆగిపోయిన కాంట్రాక్టుల మీద రష్యా వాళ్లు గానీ వాళ్ల తరఫున ఇంకెవరు గానీ వేసే క్లెయిములు అసలు చెల్లవంది. మూడూ మంచి కవచాలే. ఒక్క సంగతి గమనించండి, ఆంక్షల్ని పాటించి తీరాలని ఎవరికి చెప్పారో వాళ్లకే ఆ కవచం ఇచ్చారు. లండన్ బ్యాంకుకి "ఆపు" అని చెప్పిన ప్రభుత్వమే "ఆపినందుకు నీ మీద దావా పడకుండా చూస్తా" అనీ చెప్పింది. రాణీగంజ్ వ్యాపారికి ఆపమని చెప్పిన ప్రభుత్వం ఏదీ లేదు, కాబట్టి కాపాడతానన్న ప్రభుత్వమూ లేదు.

మన దేశం సంగతికొస్తే, భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆంక్షల్నే గుర్తిస్తుంది. వాటిని అమలు చేయడానికి 1947లోనే ఒక చట్టం చేశారు. మండలి తీర్మానం వచ్చాక కేంద్రం ఉత్తర్వు ఇస్తుంది, విదేశీ వాణిజ్య విధానంలో ఆ దేశం పేరు ఎక్కుతుంది. ఉత్తర కొరియా అలా ఎక్కిందే. మీ కొనుగోలుదారు ప్యోంగ్యాంగ్ లేబుల్ పంపి ఉంటే మీ పని ఎంత తేలికయ్యేదో చూడండి. చేస్తే నేరం అయ్యే పని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 ప్రకారం దానంతట అదే రద్దు, సెక్షన్ 65 ప్రకారం అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తారు, నష్టపరిహారం ఊసే ఉండదు. 1990లో ఇరాక్ మీద ఆంక్షలు పెట్టినప్పుడు మండలే ముందుచూపుతో వ్యవహరించింది. మరుసటి ఏడాది 687వ తీర్మానంలో, ఆంక్షల వల్ల దెబ్బతిన్న కాంట్రాక్టుల మీద ఇరాక్ వైపు నుంచి క్లెయిములు రాకుండా చూడమని అన్ని దేశాలకీ చెప్పింది. రష్యా మీద అలాంటి తీర్మానం లేదు, వాళ్లకి వీటో ఉండగా వచ్చే అవకాశమూ లేదు.

కాబట్టి బావగారి మాటలో సగం నిజం. మామూలు బేరింగుల్ని రష్యాకి అమ్మడం భారత చట్టం ప్రకారం నేరం కాదు. 2024 అక్టోబరు 30న అమెరికా కొన్ని వందల సంస్థల మీద ఆంక్షలు పెట్టి, అందులో 19 భారతీయ కంపెనీల్ని చేర్చినప్పుడు మన విదేశాంగ శాఖ కూడా, మాకు తెలిసినంతవరకు ఈ కంపెనీలు భారత చట్టాలేవీ ఉల్లంఘించలేదనే అంది. బావగారు ఇక్కడితో ఆగిపోయారు, కానీ ఆ 19 కంపెనీలు ఇక్కడ ఏ తప్పూ చేయకుండానే ఆ జాబితాలోకి ఎక్కాయి కదా.

పైగా మీ సరుకు సంగతి వేరు. బేరింగులు యుద్ధ సామగ్రిలోకి వెళ్తాయని అమెరికా, యూరప్, బ్రిటన్, జపాన్ కలిసి వేసుకున్న 50 కస్టమ్స్ కోడ్ల ఉమ్మడి జాబితాలో 8482 కింద బాల్ బేరింగులు, రోలర్ బేరింగులు ఉన్నాయి. యూరప్ రెగ్యులేషన్‌లో 12జీ అనే ఆర్టికల్ 2024 మార్చి 20 నుంచి అమల్లో ఉంది. ఈ సరుకులు బయటి దేశాలకి అమ్మే యూరప్ కంపెనీ రష్యాకి తిరిగి ఎగుమతి కూడదన్న షరతు రాయించుకోవాలి, తప్పితే ఏమవుతుందో కూడా అందులోనే రాయించుకోవాలి, తప్పారని తెలిస్తే తన ప్రభుత్వానికి చెప్పాలి. మీరు సంతకం పెట్టిన కాగితం అదే. జర్మనీ వాళ్లు సరదాకి పెట్టలేదు.

ఇక "పాశ్చాత్య ఆంక్షలు పాటించాను" అని మన కోర్టులో చెప్పుకుంటే ఏమవుతుంది? 2025 జులైలో యూరప్ 18వ విడత ఆంక్షల్లో గుజరాత్ వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ పేరు చేర్చింది, రష్యా రోస్‌నెఫ్ట్‌కి అందులో 49 శాతం పైగా వాటా ఉంది కాబట్టి. మైక్రోసాఫ్ట్ వెంటనే వాళ్ల సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది, భారత చట్టంలో లేని ఆంక్షని పట్టుకుని ఇక్కడ సేవలు ఎలా ఆపుతారని. తీర్పు దాకా వెళ్లకుండానే కొద్దిరోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. అంత పెద్ద కంపెనీకే "ఆంక్షలు పాటిస్తున్నాం" అన్నమాట ఇక్కడ తిరుగులేని సమాధానం కాలేదు.

సెక్షన్ 56 మీద ఆశ పెట్టుకోకండి. పని కష్టమైంది, ఖర్చు పెరిగింది అంటే చాలదు, అసాధ్యమో చట్టవిరుద్ధమో కావాలి. 2017లో సుప్రీంకోర్టు ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో ఇండోనేషియా ప్రభుత్వం బొగ్గు ధరల నిబంధనలు మార్చిందని కరెంటు కంపెనీలు చేసిన వాదనని ఒప్పుకోలేదు. పరాయి దేశం చట్టం మార్చినంత మాత్రాన ఇక్కడి ఒప్పందం నుంచి తప్పించుకోవడం కుదరదని తేల్చింది. మీ నోటీసుకి జవాబులో "అంతర్జాతీయ ఆంక్షల వల్ల పంపలేకపోతున్నాం" అని మాత్రం రాయకండి. ఆ ఒక్క వాక్యం మీ కేసుని బలహీనమైన చోట నిలబెడుతుంది. ఏ చట్టం, మీ మీద ఎలా వర్తిస్తుంది, సెక్షన్ చూపించండి అని వాళ్ల లాయరు మొదటి పేజీలోనే అడుగుతాడు.

ఇప్పుడు మీ కాగితాలు. మీరు పంపిన ఫోటోలు రెండుసార్లు చూశాను. మీ ప్రొఫార్మా (ఆర్డరుకి ముందు పంపే ఇన్వాయిసు) వెనక సన్నటి అక్షరాల్లో ఎనిమిదో షరతు ఉంది: యూరప్ ఆంక్షల్లో ఉన్న గమ్యాలకి ఈ సరుకు తిరిగి అమ్మకూడదు, ఎగుమతి చేయకూడదు. జర్మనీ కంపెనీ పట్టుబడితే మీరే అచ్చు వేయించి ఉంటారు, మర్చిపోయారు! దుబాయ్ కొనుగోలుదారు పర్చేజ్ ఆర్డరులో లండన్ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), ఇంగ్లిష్ చట్టం అని ఉంది, మీ దాంట్లో అందరూ వేయించే "సబ్జెక్ట్ టు హైదరాబాద్ జురిస్‌డిక్షన్" ఉంది. ఈ రెంటిలో ఏది నెగ్గుతుందో లాయర్లు కొట్టుకుంటారు, సాధారణంగా చివర పంపిన కాగితానికి ఎదురు చెప్పకుండా పని మొదలుపెడితే ఆ కాగితానికే బలం. కానీ వాళ్ల ఆర్డరులో "మీ ప్రొఫార్మా నంబరు ఫలానా ప్రకారం" అన్న వాక్యం ఉంది. ఆ వాక్యంతో మీ ఎనిమిదో షరతు కూడా ఒప్పందంలోకి వచ్చేసిందని గట్టిగా వాదించొచ్చు. మీకు రక్షణ ఇచ్చేది ఇదే. ఆంక్షల చట్టం మీకు వర్తించకపోయినా, వాళ్లు మీకు ఇచ్చిన మాట వర్తిస్తుంది. రష్యా అడ్రసుతో లేబుళ్లు పంపడం ఆ మాట తప్పబోతున్నారనడానికి రుజువు. మీ జవాబు ఈ కాలు మీద నిలబడాలి.

ఒకవేళ ఇంగ్లిష్ చట్టమే నెగ్గినా మరీ భయపడక్కర్లేదు. ఒప్పందానికి ఇంగ్లిష్ చట్టం అని రాసుకున్నంత మాత్రాన బ్రిటన్ ఆంక్షలు మీకు తగులుకోవు, ఆ సెక్షన్ 44 కవచమూ రాదు, అవి బ్రిటన్‌లో జరిగే పనులకీ బ్రిటన్ వాళ్లకీ. దిర్హాముల విషయంలో మాత్రం అక్కడి సుప్రీంకోర్టు మాట మీకు ఉపయోగపడొచ్చు. ఒక ఓడల కంపెనీకి డాలర్లలో కిరాయి ఇవ్వాల్సిన సంస్థ, తన మాతృసంస్థ 2018లో అమెరికా ఆంక్షల్లో పడ్డాక, యూరోల్లో ఇస్తాం తీసుకో అంది. ఓడ కంపెనీ తీసుకోలేదు. ఆర్టీఐ అనే ఆ సంస్థకీ, ఎంయూఆర్ షిప్పింగ్ అనే ఓడ కంపెనీకీ మధ్య కేసు అది. 2024 మేలో తీర్పు, ఒప్పందంలో లేని పద్ధతి చెల్లింపుని ఒప్పుకోవాల్సిన పని లేదని. అది అనివార్య పరిస్థితుల క్లాజు ఉన్న ఒప్పందం, మీ దాంట్లో అలాంటి క్లాజు లేదు, కాబట్టి అది మీ కేసుకి తాళంచెవి అనుకోకండి. డాలర్లని రాసుకున్నాక దిర్హాములు తీసుకోనన్నందుకు మీరు తప్పు చేసినట్టు కాదని చెప్పడానికి పనికొస్తుంది, అంతే.

మీ ముందున్న దారుల్లో ఒకదాన్ని ఇక్కడే మూసేస్తున్నాను. బేరింగుల్ని మెషీన్ స్పేర్స్ అని రాయడం. రష్యాకి అమ్మడం మన దేశంలో నేరం కాదు కానీ కస్టమ్స్‌కి అబద్ధం చెప్పడం నేరమే. కస్టమ్స్ చట్టం సెక్షన్ 114ఏఏ కింద తెలిసి తప్పుడు డిక్లరేషన్ మీద సంతకం పెట్టినవాళ్లకి సరుకు విలువకి ఐదు రెట్ల దాకా పెనాల్టీ వేయొచ్చు, సరుకు జప్తు వేరే. సంతకం పెట్టిన వ్యక్తి మీద, అంటే మీ మీద. రాయించినందుకు బావగారి మీద కూడా పడొచ్చు. ఈ మాట ఆయనకి మీరు చెప్పలేకపోతే మీ సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంటు) చేత చెప్పించండి. వాళ్ల లైసెన్సు కూడా పోయే ప్రమాదం ఉంది కాబట్టి బాగా గట్టిగా చెప్తారు.

రెండో దారి, ఉన్నది ఉన్నట్టు నిజాయితీగా రాసి జెబెల్ అలీకి పంపడం. లేబుళ్లు వద్దన్నాడు కదా, ఆ తర్వాత వాడేం చేసుకుంటే మనకేంటి అని. ఇది మన చట్టం ప్రకారం తప్పు కాదు, దావా బెడద కూడా పోతుంది. కానీ లేబుళ్లు మీ మెయిల్‌లోకి వచ్చాయి, మీరు ప్రశ్న కూడా అడిగారు. తెలియదని ఇక జీవితంలో చెప్పలేరు. బేరింగుల మీద సీరియల్ నంబర్లుంటాయి, రష్యాలో బయటపడితే జర్మనీ వాళ్లు ఎవరికి అమ్మామో గంటలో తేలుస్తారు. ఏజెన్సీ పోతుంది, వాళ్ల ఒప్పందం ప్రకారం నష్టపరిహారం కట్టాలి, వాళ్లు ప్రభుత్వానికి చెప్పక తప్పదు కాబట్టి జాబితాలోకి ఎక్కే ప్రమాదం కూడా ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో బెంగళూరు కంపెనీ ఒకటి యూరప్ జాబితాలోకి వెళ్లింది. ఇక డబ్బు. 2023 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి వచ్చింది, రష్యా సైనిక పరిశ్రమకి సంబంధించిన చెల్లింపులు చేసే పరాయి దేశాల బ్యాంకుల్ని కూడా శిక్షిస్తామని. దుబాయ్, ఇస్తాంబుల్ బ్యాంకులు అప్పటినుంచి వణుకుతున్నాయి, మీ కొనుగోలుదారు దిర్హాములు అంటున్నది ఊరికే కాదు. మిగతా 1,26,000 వస్తాయన్న గ్యారంటీ నేనైతే ఇవ్వను. అడ్వాన్సుతో సరిపెట్టుకుని సరుకు వదులుకునే స్తోమత ఉందా మీకు?

ఇక్కడ ఒక మాట అడగాలనిపిస్తోంది. జర్మన్ బేరింగులు దుబాయ్‌లో దొరక్క ఆయన హైదరాబాద్ దాకా వచ్చాడా? ఆర్డరు వచ్చిన రోజే బావగారు ఈ ప్రశ్న వేసుకుని ఉంటే బాగుండేది.

మూడో దారి, పంపకుండానే తలుపు తెరిచి ఉంచడం. తుది వినియోగదారు ఎవరు, ఏ దేశం, ఏ ఫ్యాక్టరీ అని రాసి సంతకం పెట్టిన హామీపత్రం ఇవ్వండి, ఎనిమిదో షరతు ప్రకారం అడుగుతున్నాం, పది రోజుల గడువు, ఇస్తే రవాణాకి సిద్ధం అని రాయండి. ఇస్తే, అది నమ్మేలా ఉంటే, ఆ పేరుతో నిజంగా ఒక ఫ్యాక్టరీ ఉంటే, జర్మనీ కంపెనీకి కూడా చూపించి వాళ్ల రాతపూర్వక అంగీకారంతో పంపొచ్చు. ఇవ్వకపోతే ఒప్పందం విరగ్గొట్టింది మీరు కాదు, వాళ్లు. నాకైతే ఇదే మొదట చేయాల్సింది అనిపిస్తుంది, ఎందుకంటే ఏ జవాబు వచ్చినా, అసలు రాకపోయినా మీ ఫైలే గట్టిపడుతుంది. దీనికో చిక్కు ఉంది. వాళ్లు పది నిమిషాల్లో ఒక దొంగ హామీపత్రం తయారుచేసి పంపగలరు. అలాంటిది కళ్లకి కట్టినట్టు తెలుస్తున్నా ఒప్పుకుంటే మళ్లీ రెండో దారిలోకే పడతారు. దాని బదులు మన దేశంలో తయారైన బేరింగులు పంపుతాం అనే ఆలోచన మీ ఉత్తరం చివర రాశారు. జర్మనీ షరతు అప్పుడు అడ్డం రాదు, నిజమే. బ్యాంకు బెడద, అమెరికా జాబితా బెడద మాత్రం సరుకు ఎక్కడ తయారైందని చూడవు.

నాలుగోది, ఒప్పందం రద్దు చేసి అడ్వాన్సు తిరిగి ఇచ్చేయడం. దీన్ని చేతులెత్తేయడం అనుకోకండి. ఆ 54,000 ఎవరి చట్టం ప్రకారం చూసినా మీ దగ్గర ఉంచుకోవడం కష్టం, ఉంచుకుంటే మీ న్యాయం పల్చబడుతుంది. కానీ డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే, మీ ఏడీ బ్యాంకు (విదేశీ మారకం చూసే అనుమతి ఉన్న బ్యాంకు) ద్వారానే వెళ్లాలి. "వేరే కంపెనీ ఖాతాకి పంపండి" అంటే ఒప్పుకోవద్దు. దీన్ని సాగదీయకండి, అడ్వాన్సుకి ఉన్న గడువు దాటితే ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల్లో ఇరుక్కుంటారు. తిరిగి ఇచ్చేటప్పుడు రెండు వైపులా ఇక క్లెయిములు లేవన్న పరస్పర విడుదల పత్రం అడగండి. ఇవ్వకపోయినా, హక్కులు వదులుకోవడం లేదని రాసి పంపేయొచ్చు. అప్పుడు మిగిలేది 40,000 డాలర్ల నష్టపరిహారం ఒక్కటే, దానికి వాళ్లు నిజంగా నష్టం జరిగిందని, ఎవరికి అమ్మబోయారో, ఎంత లాభం పోయిందో కాగితాలతో నిరూపించాలి. ఎవరికి అమ్మబోయారో చెప్పడానికి వాళ్లు అంత ఉత్సాహం చూపిస్తారంటారా? ఇలాంటి నోటీసుల్లో చాలా భాగం అడ్వాన్సు చేతికందగానే చల్లబడతాయి. అయినా చల్లబడకపోవచ్చు, లండన్ ఆర్బిట్రేషన్ తీర్పు వస్తే దాన్ని ఇక్కడి కోర్టులో అమలు చేయించుకునే వీలు మన 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో ఉంది, కాబట్టి అక్కడి నుంచి ఏ కాగితం వచ్చినా పక్కన పడేయకుండా జవాబివ్వండి. సరుకు మీ గోడౌన్లోనే ఉంది కదా, ఇక్కడే అమ్ముకునే ప్రయత్నం మొదలుపెట్టండి, ఒప్పందం రాతపూర్వకంగా రద్దయ్యాకే.

ఇంట్లో విషయానికొస్తే, మీది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. 1932 చట్టం సెక్షన్ 25 ప్రకారం ఫర్మ్ చేసిన పనికి ప్రతి భాగస్వామీ విడిగా, కలిసి కూడా బాధ్యులే. మీరు సంతకం పెట్టకపోయినా బావగారు పంపిన సరుకుకి మీ ఇల్లూ పూచీయే. అందుకని "నేను పెట్టను, మీ ఇష్టం" అని పక్కకి తప్పుకోవడం సరిపోదు. ముగ్గురూ కూర్చుని నిర్ణయం కాగితం మీద రాసుకోండి. బావగారికి చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు, అడ్వాన్సు వచ్చిన సంతోషంలో ఎక్కడో దాన్ని వాడేసి ఉండొచ్చు, అదేమో కనుక్కోండి, ఆయన తొందరకి కారణం అక్కడ ఉండొచ్చు. మీ వారిని ఆ గదిలో కూర్చోబెట్టండి. ఆయన మౌనం కూడా ఇప్పుడు ఒక పక్షం వైపు ఓటే.

ఈ వారంలో చేయాల్సింది చెప్తాను. లేబుళ్ల ఫైళ్లు, మెయిళ్లు, బావగారి ఫోన్లో ఉన్న వాట్సాప్ సంభాషణలు ఏవీ చెరిపేయకుండా కాపీ తీసి పెట్టండి. జర్మనీ కంపెనీకి చెప్పాలా వద్దా అన్నది మీ ఒప్పందంలోని సమాచార క్లాజు చూసి లాయరుతో తేల్చుకోండి, నా మొగ్గు చెప్పడం వైపే, వాళ్లకి ఇంకొకరి నోట తెలియడం కంటే నయం. లాయరు ఎంపికలో, ఇంటి దస్తావేజులు చూసే ఆయన వద్దు, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ చూసినవాళ్లు కావాలి, ఫీజు చూసి గుండె ఆగినా సరే. నోటీసులో ఇచ్చిన గడువు ఈ నెల 24తో అయిపోతుంది, హామీపత్రం అడిగే లేఖ ఆ లోపే మెయిల్లోనూ కొరియర్లోనూ వెళ్లాలి. దాని ముసాయిదా మీకు విడిగా పంపాను, మూడో పేరాలో ఎనిమిదో షరతుని మాటకి మాట ఎత్తి రాశాను, లాయరు దాన్ని మార్చబోతే ఎందుకని అడగండి.